నీలి కన్నీరు

సంచికకు ఏదైన వ్రాసి యిమ్మని సంఘము పెద్దలు అడిగినపుడు మా వంటి పింఛనుదారులు సాధారణముగా వేమననో త్యాగరాజునో ఆశ్రయింతురు. ఆ పని మాకంటె బాగుగ చేయగలవారు మనలో చాలమంది కలరు. కనుక మేము ఈ పర్యాయము రక్తము త్రాగు దయ్యమును గూర్చి వ్రాయదలచితిమి. నలువదేండ్లు కోర్టు కాగితములకు నకళ్లు వ్రాసిన చేయి కడపట దయ్యముల పాలైనదా యని మా ఇంటనే నవ్విరి. చదువరులు కూడ నవ్వవచ్చును. కాని యీ దయ్యము మన ప్రాంతపుది. కాట్పాడిలో ఉదయమున రైలెక్కి ఆర్కోణమున మారినచో మధ్యాహ్న భోజనవేళకు దాని ఊరు చేరవచ్చును. దాని పేరును మనమందరము, తెలిసియో తెలియకయో, తమిళము మాటలాడునపుడు పలుకుచునే యున్నాము.

ఈ తలంపు కలుగుటకు కారణము మా మనుమరాలు. వేసవి సెలవులకు బెంగుళూరు నుండి వచ్చి, ఒక లావుపాటి ఇంగ్లీషు నవల చేతబట్టుకొని, రెండు దినములు ఎవరితోను మాటలాడలేదు. అడుగగా "డ్రాకులా, తాతా!" అనెను. ఐర్లండు దేశస్థుడగు బ్రామ్ స్టోకరు 1897లో వెలువరించిన ఆ నవలను మేమును తరువాత మెల్లమెల్లగ చదివితిమి. అందు మాకు నచ్చిన సంగతి వేరు. ఆ కథ యంతయు డైరీలు, ఉత్తరములు, తంతి వార్తలు, పత్రికల తునకలు – అనగా కాగితముల కట్టగ నున్నది. ఇల్లు కొనుగోలు దస్తావేజులు పట్టుకొని వకీలు ఉద్యోగి యొకడు కొండలలోని పాడుకోటకు పోవుటతో అది ఆరంభమగును. రక్తపిశాచము కూడ ఆస్తి కొనవలెనన్న కాగితములు లేకుండ కొనలేదు! ఇంతకంటె నమ్మదగిన దయ్యపు కథను మేము చదువలేదు.

ఇంకొక నియమము కూడ అందు కలదు. ఇంటివారిలో ఒకరు రమ్మని పిలువనిదే ఆ పిశాచము మొదటిసారి గడప దాటి లోనికి రాలేదు. ఈ నియమమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

"మనకు ఇట్లాంటిది లేదా తాతా?" అని పిల్ల అడిగినది. అడుగవలసిన ప్రశ్నయే. మనకు బేతాళుడు కలడని మొదట చెప్పితిమి. 1870లో రిచర్డ్ బర్టన్ దొర బేతాళకథలను ఇంగ్లీషున వ్రాసి వానికి 'విక్రమ్ అండ్ ది వాంపైర్' అని పేరు పెట్టినాడు. ఆ పేరు పెట్టుటలో దొర తొందరపడినాడని మా యభిప్రాయము. 11వ శతాబ్దమున కాశ్మీరమందు సోమదేవుడు వ్రాసిన కథాసరిత్సాగరము మొదలు మన చందమామ వరకు, బేతాళుడు ఎవరి మెడయు కొరికినవాడు కాడు. శవములో నుండి ప్రశ్నలు వేయును. జవాబు సరియైనచో మరల చెట్టెక్కును. వానిది ఆకలి కాదు, ధర్మసందేహము. చందమామలో ఆ శవమును భుజమున వేసికొని కత్తి చేతబట్టి నడచు విక్రమార్కుని బొమ్మ వేసిన శంకర్ తమిళనాటివారు. 2020లో వారు స్వర్గస్థులైనప్పుడు మా వీథిలో తెలుగువారును తమిళులును ఒక్క తీరున విచారపడిరి.

రక్తమును రాత్రియు గల కథలు కావలెనన్నచో మా యౌవనమున కొదవ లేదు. చిత్తూరు బస్సు దిగిన ప్రతివాని సంచిలోను ఒక కొమ్మూరి సాంబశివరావు నవల యుండెడిది. డిటెక్టివ్ యుగంధరు, అతని సహాయకుడు రాజు, వానలో ఆగిన కారు, తలుపు సందున వెలుతురు – ఇవి మాకు తెలుగు చదువు నిలిపినవనిన అతిశయోక్తి కాదు. బడిలో మేము చదివినది తమిళము, ఇంగ్లీషు. ఇంటనున్న తెలుగునకు పుస్తకపు రూపము ఇచ్చినది ఆ చిన్న నవలలే. 1978లో విఠలాచార్యగారి 'జగన్మోహిని' వచ్చినపుడు గుడియాత్తం చుట్టుపట్ల పల్లెలనుండి బండ్లు కట్టుకొని పోయి చూచిరి. పొయ్యిలో కట్టెలకు మారుగా తన కాళ్లనే పెట్టి వంటచేయు ఆ దయ్యపు పెండ్లామును చూచి నవ్వినవారును కలరు, రాత్రి దీపము ఆర్పనివారును కలరు.

ఇవన్నియు చెప్పితిమి. పిల్లకు తృప్తి కలుగలేదు. అప్పుడు మా అవ్వ చెప్పిన నీలి కథ చెప్పితిమి.

మా అవ్వ గుడియాత్తంలో నేతవారి వీథి నడుమ కాపురముండెను. పగలెల్ల లుంగీల మగ్గముల చప్పుడు. రాత్రి అవి ఆగినపిమ్మట ఆ నిశ్శబ్దమే ఒక చప్పుడువలె తోచెడిది. ఆ వేళ అరుగుమీద ఆమె ఈ కథ చెప్పెడిది. కథ తమిళులది, ఆమె చెప్పిన భాష మన ఉత్తర ఆర్కాటు తెలుగు. చెప్పువారినిబట్టి కొన్ని సంగతులు మారును. మేము విన్న తీరున చెప్పుచున్నాము.

కాంచీపురపు బ్రాహ్మణుడొకడు కాశికి పోయి, ఇంట భార్య యున్న సంగతి దాచి, అక్కడ వేరొక కన్యను పెండ్లాడెను. కొంతకాలమునకు ఆమెను తోడ్కొని స్వదేశమునకు బయలుదేరెను. చెల్లెలిని ఒంటరిగ పంపలేక ఆమె అన్నయు వెంట వచ్చెను. నెలల తరబడి నడచి పళైయనూరు దాపునకు వచ్చిరి. ఇల్లు దగ్గరపడినకొలది ఆ బ్రాహ్మణునకు దిగులు హెచ్చెను: ఇంటనున్న దానికేమి చెప్పవలెను? బావమరదిని నీళ్లకు పంపెను. వాడు కనుమరుగైనంతనే ఆమెను చంపి, నూతిలో త్రోసి, నగలు మూటగట్టుకొని తన దారిన పోయెను. అన్న నీళ్లతో తిరిగివచ్చి, చూచి, అక్కడనే ప్రాణము తీసికొనెను.

ఇచ్చట అవ్వ కొంతసేపు ఊరకుండెడిది. తరువాత, "ఆమెకు ఎవురున్నారు నాయనా ఆ ఊళ్లో? బాస గూడా తెలీదు" అనెడిది.

అన్నాచెల్లెండ్రు పిశాచములై పుట్టిరి. చంపినవాడు వర్తకుడై పుట్టెను. పళైయనూరి దిక్కున నీకు ప్రాణగండము కలదని పెద్దలు వానికి చెప్పి, మంత్రించిన కత్తి నొకదానిని ఇచ్చి, ఇది చేతనున్నంతవరకు నిన్నేదియు తాకదనిరి. వ్యాపారము వానిని ఆ దారినే లాగెను. తోవలో ఒక స్త్రీ ఎదురయ్యెను. చూచినంతనే వానికి వెన్ను జలదరించెను. పరుగుపరుగున పళైయనూరు చేరి, వెళ్లాళుల సభలో పడెను. ఆమెయు వెనుకనే వచ్చెను. త్రోవలోని జెముడు కొమ్మ విరిచి చంకనెత్తుకొనగా అది బిడ్డ యయ్యెను.

సభలో డెబ్బదిమంది యుండిరి. ఆమె కన్నీరు కార్చి, "వీడు నా మగడు, నన్ను విడిచి పారిపోవుచున్నాడు" అనెను. వాడు "ఇది పిశాచము, నన్ను చంపవచ్చినది" అనెను. బిడ్డను క్రింద దింపగా అది పోయి వాని మోకాళ్లు పట్టుకొని నాయనా యనెను. సభకు ఇంకేమి కావలెను? ఆ రాత్రికి వారిద్దరికి ఒక ఇల్లు చూపిరి. కత్తి మాత్రము విడువనని వర్తకుడు మొరపెట్టుకొనెను. "కత్తి పట్టుకోని పెండ్లాం పక్కన ఎవురన్నా పండుకుంటారా?" అని ఒక పెద్ద నవ్వెనట. కత్తి పుచ్చుకొనిరి. నీకేమైన జరిగినచో మా డెబ్బదిమంది ప్రాణములు నీకు పూచీ యనిరి. తలుపు మూసిరి.

తెల్లవారి తలుపు తీయలేదు. పగులగొట్టి చూచిరి. కడుపు చీల్చి రక్తము త్రాగి పోయినదని అవ్వ ఒక్క ముక్కలో చెప్పెడిది. అక్కడ ఆమె ఆలస్యము చేసెడిది కాదు. ఆమె ఆలస్యము చేసినది తరువాతి దానికి. డెబ్బదిమందిలో ఒక్కడును ఇల్లు చేరలేదు. చితి పేర్చుకొని అందులో ప్రవేశించిరి. ఆ వేళ పొలమున దున్నుచున్నవాడొకడు, ఆలస్యముగ విని, నాగటి కర్రుమీద పడి ప్రాణము విడిచెనందురు.

తిరువాలంగాడును దాని పొరుగుననున్న పళైయనూరును ఇప్పటికిని ఈ కథను మరువలేదు. ఆ వెళ్లాళుల జ్ఞాపకార్థము అక్కడ మండపము కలదు. 7వ శతాబ్దమునాటి జ్ఞానసంబంధులు ఆ క్షేత్రముపై పాడినపుడే వంచనతో ప్రాణము తీసిన స్త్రీని సూచించిరి. పెరియపురాణము వ్రాసిన శేక్కిళారు ఆ డెబ్బదిమంది మాటనిలుపుకొనుటను కొనియాడిరి. నటరాజు ఐదు సభలలో ఒకటియగు రత్నసభ అదే యూర నున్నది. శివుని వేడి తనంత తాను పిశాచరూపము కోరుకొన్న కారైక్కాలమ్మ కడకు వచ్చి చేరినదియు ఆ యూరికే. ఒక యూరిలో ఇద్దరు పిశాచస్త్రీలు: ఒకరికి గుడిలో స్థానము, ఒకరికి సామెతలో.

మన సంఘసభ్యులకు ఇంకొక సంగతి ముచ్చటగ నుండును. తిరువాలంగాడు ఒకప్పుడు కార్వేటినగరం జమీనులోనిది; తిరుత్తణి తాలూకాతోపాటు చిత్తూరు జిల్లాలో నుండి, పటాస్కర్ తీర్పు ననుసరించి 1960 ఏప్రిలులో మద్రాసు రాష్ట్రమున చేరినది. కనుక ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన 1953 మొదలు కొన్నేండ్లు నీలి మన రాష్ట్రపు దయ్యమే! సరిహద్దు సంఘములు ఆమెను తమ పట్టికలో చేర్చికొన్నట్లు మాత్రము మాకు తెలియదు.

జైనులు ఆమెను ఇంకొక విధముగ ఆదరించిరి. తమిళమున 'నీలకేశి' యను జైన కావ్యము కలదు. సుమారు 10వ శతాబ్దమునాటిదని పండితులందురు. పాంచాలదేశమందు మునిచంద్రుడను జైనముని బోధవలన కాళిగుడిలో జంతుబలి ఆగిపోగా, ఆ మునిని బెదరించి తరుముటకు పళైయనూరి నీలిని పంపుదురు. ఆయన బెదరడు. ఆమెయే ఆయన మాటలు విని, హింస విడిచి, తర్కము నేర్చి, ఊరూర తిరిగి బౌద్ధులతోను ఆజీవకులతోను సాంఖ్యులతోను వాదించి గెలుచును. రక్తము త్రాగినదానికి నోరిచ్చి మాటలాడనిచ్చిన గ్రంథము, మాకు తెలిసినంతలో, అదియొక్కటియే.

ఇక మా గుమాస్తా బుద్ధి. ఈ సభ నడచిన తీరును మేము ఎన్నో పర్యాయములు మనసున తిరుగవేసితిమి. బిడ్డ సాక్ష్యము పుచ్చుకొనిరి. బిడ్డ జెముడు కొమ్మ. వస్తువును, అనగా కత్తిని, స్వాధీనపరచుకొనిరి. అది ఎవరిచ్చిరి, ఎందులకిచ్చిరి అని విచారింపలేదు. పూచీ ఇచ్చిరి. ఇది యంతయు అందరును చెప్పునదే. మాకు తోచిన సంగతి వేరొకటి. ఆమె సభలో చెప్పిన మాటలను ఒక్కొక్కటిగ తీసి చూడుడు. వీడు నా మగడనెను: మగడే, జన్మము మారినను. నన్ను విడిచి పారిపోవుచున్నాడనెను: పారిపోవుచునే యుండెను. బిడ్డ యొకటి మాయ. తక్కిన వాఙ్మూలములో ఒక్క అక్షరమును అబద్ధము లేదు. ప్రమాణము చేయించి అడిగినను ఆమె అదే చెప్పియుండును. సభవారు ఆమెను అడిగినది "నీవు ఇతని భార్యవా?" అని మాత్రమే. "ఇతడు నిన్నేమి చేసెను?" అని డెబ్బదిమందిలో ఒక్కడైన అడిగినట్లు ఏ తీరు కథలోను మేము వినలేదు.

అయినను తమిళమున 'నీలిక్కణ్ణీర్' అనగా దొంగయేడుపు. మనము తెలుగున మొసలి కన్నీరందుము. ఈ జిల్లాలో పుట్టినవారము కనుక మనమును నీలి కన్నీరే యందుము. ఆడుపిల్ల బడికి పోనని ఏడ్చినను, కోడలు వంటయింట కన్ను తుడుచుకొన్నను అదే మాట. చంపబడినదాని ఏడుపు దొంగయేడుపునకు పేరైనది. చంపినవానికి మాత్రము ఏ సామెతయు పుట్టలేదు. వాని పేరు చెప్పుమన్నను మన వీథులలో పదిమందికి ఒకరు చెప్పలేరు.

మన సాక్ష్యచట్టము 1872లో వచ్చినది. 2024 జూలైనుండి దాని స్థానమున కొత్త చట్టము అమలగుచున్నది. రెంటిలోను మరణవాఙ్మూలమునకు స్థానము కలదు. చనిపోవుచున్నవారు తమ చావునకు కారణము చెప్పినచో, ప్రమాణము లేకున్నను, ఎదుటి వకీలు ప్రశ్నింప వీలులేకున్నను, అది సాక్ష్యముగ చెల్లును. చావుముందర నిలిచిన మనిషి అబద్ధమాడదను నమ్మకము దానికి మూలము. నకళ్లు వ్రాయు దినములలో అటువంటి కాగితములు మా చేతిమీదుగ ఎన్నో పోయినవి. అరపుట, కొన్నిట నాలుగు పంక్తులు; క్రింద వైద్యుని సంతకము; వ్రేలిముద్ర, వ్రేలు కాలియున్నచో కాలి బొటనవ్రేలి ముద్ర. నీలి యనగా నడచివచ్చిన మరణవాఙ్మూలమని మాకు అప్పుడు తోచెడిది. ఆమెకు నూతికడ వ్రాసికొనువారు లేకపోయిరి. అందుచే ఒక జన్మము ఆలస్యముగ వచ్చి చెప్పినది.

వేలూరు కోటను చూడవచ్చు బంధువులు, ఇంత పాతకోటలో దయ్యములు లేవా యని మమ్మడుగుదురు. ఆ కోట రక్తము చూడనిది కాదు. 17వ శతాబ్దపు రెండవ దశకమున గొబ్బూరి జగ్గరాయడు విజయనగరపు రాజగు శ్రీరంగరాయలను భార్యాపుత్రులతో ఈ కోటలోనే చెరబెట్టెను. వారు ఆ చెరలోనే కడతేరిరి. వెలుగోటి యాచమనాయకుని యుక్తివలన ఒక్క చిన్నవాడు మాత్రము చాకలిమూటలో దాగి వెలుపల పడెను. 1806 జూలై 10వ తేదీ తెల్లవారుజామున సిపాయిలు తిరుగబడినపుడు చచ్చినవారు, పగలు తిరుగుదాడిలో చచ్చినవారు కలిసి వందలు. అయినను కందకపు గట్టున రాత్రివేళ రాజు కనబడెననిగాని సిపాయి కనబడెననిగాని మా కాలమున ఎవరును చెప్పగా వినలేదు. రాజులకు చరిత్రయున్నది, సిపాయిలకు స్తంభమున్నది. దయ్యములుగ కనబడువారు మన వీథులలోని నూతులకడ, చింతచెట్లకడ కనబడుదురు. వారు తరచుగ ఆడువారు. పురిటిలో పోయినవారు, పెండ్లియైన కొలదికాలమునకే పోయినవారు.

అటువంటి దయ్యము పుట్టుట మేము ఒకసారి దగ్గరగ చూచితిమి. పేర్లు వ్రాయము, ఆ కుటుంబములు నేటికిని మన రెండూళ్లలో గౌరవముగ నున్నవి. 1979లో జరిగినది. వేలూరులో మా వీథిపిల్లను గుడియాత్తమునకు ఇచ్చిరి. రెండువైపులవారును తెలుగువారే. మనవారిలో ఇచ్చిపుచ్చుకొనుటకు ఇండ్లు తక్కువ; ఒక సంబంధము చెడినచో పది సంబంధములు చెడునను భయము అప్పుడును ఉండెను. పిల్ల యేడాదిలో రెండుసార్లు పుట్టింటికి వచ్చెను. రెండవసారి చేతి గాజులు లేవు. తిరిగి పోనని గట్టిగ చెప్పెను. ఆ రోజులలో మన యిండ్ల తగవు పోలీసు గడప త్రొక్కదు, పెద్దలు కూర్చుండిరి. మా తండ్రిగారింటి ఎదుటి పంచలోనే కూర్చుండిరి కనుక కిటికీనుండి మాకు వినబడెను. పిల్ల చెప్పినది కొంచెము, ఏడ్చినది ఎక్కువ. ఒక పెద్దమనిషి విసుగుతో "ఈ నీలి కన్నీళ్లు చాలించమ్మా" అనెను. వేరొక పెద్దమనిషి, మంచివాడనియే అందరిలో పేరు, మెత్తగ చెప్పెను: "మేముండాం గదమ్మా. నీకేమన్నా అయితే పూచీ మాది. పొద్దున్నే బస్సెక్కు." ఆమె మొదటిసారి వచ్చినపుడు తమ్ముని వెంట తెచ్చుకొనియుండెను. ఈసారి తమ్ముడు అక్కతో పోయి కొన్నాళ్లుండునని తల్లి అడిగెను. అత్తవారియింటికి కావలివాడెందులకు, పదిమంది నవ్వుదురని దానిని వలదనిరి.

మూడవ నెలలో పెరటి నూతిలో శవము తేలెను.

ఆ కాగితములు మేము చూడలేదు. కాని అట్టి కాగితములలో ఆ కాలమున ఏమి వ్రాయుదురో తరువాతి కొలువులో చాల చూచితిమి. 'నీళ్లు తోడుచు కాలు జారి' అని యొకటి. 'తీరని కడుపునొప్పి తాళలేక' అని యొకటి. ఉత్తర ఆర్కాటులో అన్ని కడుపునొప్పులు ఎందులకు పెండ్లియైన ఏడేండ్లలోపు ఆడుపిల్లలకే వచ్చెడివో ఏ వైద్యశాస్త్రమును చెప్పలేదు. చట్టము మేల్కొనుటకు ఇంకను కొన్నేండ్లు పట్టెను. భర్తయు అతనివారును పెట్టు క్రూరత్వము 1983లో ప్రత్యేక నేరమైనది. ఏడేండ్లలోపు అసహజముగ సంభవించిన వరకట్నపు మరణమును గూర్చిన విధి 1986లో వచ్చినది. ఆ పిల్లకు అవి అందలేదు.

పదునారవ దినము కాకముందే ఆ వీథి ఆడువారికి ఆమె కనబడసాగెను. మిట్టమధ్యాహ్నము నూతిగట్టున కూర్చుండి తల విరబోసికొనియున్నదనిరి. నీళ్లు తోడవచ్చినవారిని గాజులడుగుననిరి. నూతికి వేపమండలు కట్టిరి, తరువాత ఆ నీళ్లు మానిరి, తరువాత మూతవేసిరి. అత్తవారు శాంతి చేయించి వేరొక వీథికి మారిరి. ఆమె పీడించుచున్నదని చెప్పినది పొరుగు కోడలినే కాని, పూచీ యిచ్చినవారిని కాదు. ఆ మంచి పేరుగల పెద్దమనిషి తరువాత పదేండ్లకుపైగ జీవించి, ప్రతి పెండ్లిపందిట మొదటి వరుసలో కూర్చుండి తాంబూలము పుచ్చుకొనెను. అవ్వ అప్పటికి మంచమున నుండెను. వార్త చెప్పగా చాలసేపు పైకప్పు చూచి, "ఆ కాలంలో డెబ్బైమంది చచ్చినారు నాయనా, మాట పోయిందని. ఈ కాలంలో ఒకనికి జొరం గూడా రాలే" అనెను. ఆ వర్తకుడు హంతకుడు. వాని కొరకు డెబ్బది ప్రాణములు పోయినవి. ఈ పిల్ల ఎవరిని చంపినది?

గుడియాత్తం గంగమ్మ శిరస్సు పండుగ మన చదువరులకు క్రొత్త కాదు; చాలమంది చిన్నతనమున తండ్రి భుజమెక్కి చూచినవారే. తమిళ వైకాసి మాసపు మొదటి దినమున, మే నెల నడుమ, ముత్యాలమ్మగుడినుండి అమ్మవారి శిరస్సు బయలుదేరి, వీథులన్నియు దాటి, కౌండిన్యనది యొడ్డున గోపాలపురము గంగమ్మగుడి చేరును. ఆ గుడిపేరు తమిళులు పలికినను ముత్యాలమ్మ అచ్చముగ మన మాటయే. శిరస్సు రేణుకాదేవిది. మనసు ఒక్క క్షణము చలించెనను అనుమానముతో జమదగ్ని ఆజ్ఞాపింపగా, కన్నకొడుకు పరశురాముడు నరికిన తల. అడ్డుపడిన పేద పంచమస్త్రీ తలయు ఆ గొడ్డలికే తెగినది. బ్రతికించునపుడు ఒకరి తల ఒకరి మొండెమున కలిసెను. ఏటేట ఈ యూరు ఆ తలను మోసికొనివచ్చి, ఆ వేరొక స్త్రీ దేహమున అమర్చి, కన్నులు తెరిపించి, సాయంకాలము వరకు మ్రొక్కును. శిరస్సు వచ్చు దారి పొడుగున కొబ్బరికాయలు పగులుచునే యుండును. తారురోడ్డు కాలువవలె తడిసి, చెప్పులు లేని కాళ్లకు చల్లగ తగులును.

మా మనుమరాలు ఈ సంవత్సరము ఆ పండుగ చూచినది. తలను చూచి, ఈమె కూడ దయ్యమగునేమో కదా తాతా యని అడిగినది. ఊరు ప్రతి యేడు పిలుచుచున్నది కనుక కాలేదని చెప్పితిమి. ఆ మాట సరియో కాదో పండితులు చెప్పవలెను. డ్రాకులాలోని గడప నియమము మా మనసున నుండి అట్లు వచ్చినది.

నూతిలో పడిన పిల్ల తల్లి బ్రతికియున్నంతకాలము ఆ పండుగకు వేలూరినుండి వచ్చెడిది. గుడికి పోదు. శిరస్సు వచ్చు వీథిమొగమున నిలిచి ఒక కాయ కొట్టి, మూయబడిన నూతివైపు తిరిగి చూడక, మరల బస్సెక్కెడిది. ఆమె పోయి చాలకాలమైనది. ఇప్పుడు ఆ తమ్ముడు వచ్చుచున్నాడు. అక్కతో పోయి ఉండవలదని పెద్దలు ఆపినవాడు. అతనికిని అరువది సమీపించినవి. తన కొమార్తెకు ఆ అత్తను గూర్చి చెప్పలేదట. ఫోటో కూడ గోడకు లేదట. ఈ మే నెలలో మా ఇంటికి వచ్చి మజ్జిగ త్రాగి, మేము ఈ వ్యాసము వ్రాయుచున్నట్లు విని, అక్క పేరు వ్రాయుదురా యని అడిగెను. వ్రాయవలెనన్న వ్రాయుదుమంటిమి. కొంతసేపు ఆలోచించి, ఈ యేటికి వద్దు, మొదట పాపకు చెప్పవలెను అని, గొడుగు తీసికొని బయలుదేరెను.